ఏ చివర మెత్తన?

"ఒక చివర దిమ్మెలు మార్చేశారు సార్. మెత్తటివి తీసేసి గట్టివి పెట్టారు. ఆ చివర..."

ఫోన్‌లో తుపాకీ పేలింది. ఇంజనీర్ లార్టే గొంతు మళ్లీ వినబడలేదు.

ఏజెంట్ ఒఫోసు రిసీవర్ పడేసి పరిగెత్తాడు. అసుబోనీ విమానాశ్రయం కొండ నెత్తిన ఉంది. రన్‌వేకి రెండు వైపులా లోయే. ఆగలేని విమానం అందులో పడకుండా రెండు చివరలా నురుగు కాంక్రీటు దిమ్మెలు పరిచారు. విమానం బరువుకి అవి పిండైపోయి చక్రాలను పట్టేస్తాయి. గట్టివైతే పట్టవు, ఇక అంతే సంగతులు.

టవర్‌లో కంట్రోలర్ డెడే తల పట్టుకుని కూర్చుంది. "బ్రేకులు పోయాయట నాయనా! ఆయిలంతా కారిపోయింది. లోపల నలభై ఒక్క మంది. ఆరు నిమిషాల్లో దిగుతుంది."

ఆ విమానం నడుపుతున్నది ఒఫోసు చెల్లెలు మాన్సా. అతను కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"గాలి?"

"ఆకు కూడా కదలడం లేదు. ఎటైనా దించొచ్చు. ఎటు దించమంటావ్?"

తలుపు తెరుచుకుంది. ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలు, ఘుమఘుమలాడే సెంటు. ఈ విమానంలో సరిహద్దు ఒప్పందానికి వస్తున్నవాళ్లను చంపాలని చూస్తున్న పరాయి ముఠాలో మనవాళ్లు నాటిన ఏజెంట్ అకువా అయ్యుండాలి. ఒఫోసు ఆమెను చూడడం ఇదే మొదలు.

"అకువాని. మూడో వాన," అందామె. కోడ్‌వర్డ్ సరిగ్గానే ఉంది. "పాడుచేసింది తూర్పు చివర. నా కళ్లతో చూశాను. విమానం పడమర చివర ఆగేలా దించండి."

డెడే మైకు అందుకుని మాన్సాకి ఆ మాటే చెప్పింది. "శుక్రవారం పూట ఇదేం ఖర్మ తల్లీ!"

"భయపడకండి ఆంటీ," అంది ఎర్ర గౌనామె. "శుక్రవారం నాకు బాగా కలిసొస్తుంది. నేను పుట్టిందే శుక్రవారం."

ఒఫోసు చటుక్కున తల తిప్పాడు. "ఏ ఊళ్లో?"

"కుమాసీలో. ఏం?"

"కుమాసీలో బుధవారం పుట్టిన పిల్లనే అకువా అంటారు. శుక్రవారం పుడితే అఫువా. పేరు దొంగిలించావు సరే, వారం కూడా చూసుకోవద్దటే? అసలు అకువాని ఏం చేశావ్?"

"మీ ఇంజనీర్‌ని చేసిందే."

ఆమె చేతిలో లిప్‌స్టిక్‌లో దాచిన తుపాకీ మెరిసింది. ఒఫోసు బైనాక్యులర్‌తో మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. గుండు గోడ గడియారంలోకి దూసుకుపోయింది. కిందపడ్డ ఆమె మీద డెడే తన నిండు బరువుతో కూర్చుంది. "కదిలావో, చంపేస్తా!"

ఒఫోసు మైకు లాక్కున్నాడు. "మాన్సా, అన్నయ్యని. తూర్పు చివర ఆగేలా తిప్పి దిగు. ఎందుకని అడక్కు!"

"చిన్నప్పట్నుంచీ ఇదే మాట!" అని తిట్టుకుంటూనే ఆమె విమానాన్ని తిప్పింది.

విమానం దిగింది. ఆగలేదు. రన్‌వే అయిపోయింది. దిమ్మెలు నలిగి, బూడిదరంగు దుమ్ము విమానాన్ని మింగేసింది. దుమ్ము తగ్గేసరికి, లోయకి పది బారల ఇవతల, విమానం ఇరుసుల దాకా కూరుకుపోయి నిలబడి ఉంది.

రేడియో గరగరలాడింది. "అన్నయ్యా, ఏ గాడిద నన్ను ఇందులోకి దింపింది? ముందు చక్రం విరిగి చచ్చింది!"

ఒఫోసు కళ్లు తుడుచుకుని మైకు నొక్కాడు.

"ఆ గాడిదే మాట్లాడుతోంది. దిగి రా."