తాతయ్య అన్న రెండో మాట

అయినా అది అబద్ధం ఎలా అవుతుంది? తాతయ్య తన నోటితోనే "బాగుంది పిచ్చుకా" అన్నాడు. వీడియోలో ఉంది. ఆ తర్వాత అన్న మాటను తను కత్తిరించింది, అంతే. కత్తిరించడం, అబద్ధం ఆడటం ఒకటేనా?

క్లాసులో కూర్చుని పిచ్చుక ఇదే ఆలోచిస్తోంది. తన వంతు ఇంకా రాలేదు.

ఆ స్కూల్లో ఇంటర్నేషనల్ సిలబస్. ఏడో తరగతి నుంచి డిజైన్ అని ఒక క్లాసు ఉంటుంది. ఎవరిదైనా ఒక కష్టం చూడాలి. అది తీరేలా ఒక వస్తువు చేయాలి. వాళ్ళ చేత వాడించి, బాగాలేదంటే మళ్ళీ మార్చాలి.

పిచ్చుక తాతయ్యను ఎంచుకుంది. ఒకప్పుడు బస్సు నడిపిన ఆయన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. టీ ఒలికిపోతోంది. అందుకని మందమైన అడుగుతో, పెద్ద పిడితో మట్టి కప్పు చేసింది. స్కూలు బట్టీలో కాల్పించింది. నీలం రంగులో ఎంత ముద్దుగా వచ్చిందో!

"బాగుంది పిచ్చుకా," అన్నాడు తాతయ్య. వెంటనే, "కానీ బరువమ్మా. ఎత్తలేకపోతున్నా," అన్నాడు.

అంటే మళ్ళీ మొదటినుంచి చేయాలా? పిచ్చుకకు ఏడుపొచ్చింది. వీడియోలోంచి ఆ రెండో మాట తీసేసింది.

ఇవాళ వస్తువులు వాడినవాళ్ళను కూడా స్కూలుకు పిలిచారు. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరుసలో కూర్చున్నాడు.

ముందుగా సోడాబుడ్డి లేచాడు. కళ్ళజోడు వల్ల వాడికి ఆ పేరు. షాపులో రోజంతా నిలబడే వాళ్ళమ్మ కోసం మడత స్టూలు చేశాడు.

"అమ్మ కూర్చోగానే ఫట్‌మంది టీచర్! అమ్మ కింద, స్టూలు పైన!"

అందరూ నవ్వారు. వెనక వాళ్ళమ్మ నడుము పట్టుకుని మరీ నవ్వింది.

"ఎందుకు విరిగిందో కనుక్కున్నావా?" అడిగింది టీచర్.

"స్టూలు కాళ్ళు మరీ సన్నమైపోయాయి. మళ్ళీ చేస్తున్నా."

"శభాష్. ఈ క్లాసు ఉన్నదే అందుకురా."

పిచ్చుక తలెత్తి టీచర్ వైపు చూసింది. చెప్పేసి ఉంటే సరిపోయేదన్నమాట! కానీ అప్పటికే తెర మీద తన వీడియో మొదలైంది. "బాగుంది పిచ్చుకా." వీడియో అక్కడే ఆగింది. చప్పట్లు మోగాయి.

టీచర్ వెనక్కి తిరిగింది. "తాతగారూ, టీ ఇందులోనే తాగుతున్నారా?"

తాతయ్య మనవరాలి వైపు చూశాడు. ఒక్క క్షణమే.

"రోజూ ఇందులోనేనమ్మా. వేరేదాంట్లో పోస్తే గొంతు దిగదు," అన్నాడు. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు.

తిట్టినా బాగుండేది. తాతయ్య తన కోసం అందరిముందూ అబద్ధమాడాడు. పిచ్చుకకు నేలలోకి దిగిపోవాలనిపించింది.

సాయంత్రం ఇంట్లో అమ్మ తాతయ్యకు గ్లాసులో టీ తెచ్చింది.

"పిచ్చుక కప్పులో పొయ్యమ్మా," అన్నాడు తాతయ్య. "స్కూల్లో చెప్పొచ్చాను కదా."

రెండు చేతులతో ఎత్తాడు. కప్పు సగం దాకా లేచి, ఒరిగింది. ఇస్త్రీ చొక్కా మీద టీ మరక పెద్దదయింది. మణికట్టు ఎర్రబడింది.

"గేరు పడలేదే!" అని నవ్వాడు. మళ్ళీ ఎత్తబోయాడు. "రేపటికి అలవాటవుతుందిలే."

అలవాటు కాదు. పిచ్చుకకు తెలుసు. ఆ చేతులు రేపటికి ఇంకా వణుకుతాయి. ఎల్లుండికి ఇంకొంచెం. తను ఎన్ని కప్పులు చేసినా ఆ వణుకు ఆగదు. అయినా ఆయన నవ్వుతూనే ఉంటాడు, చేయి కాల్చుకుంటూనే ఉంటాడు, తను బాధపడకూడదని. ఈ ఆలోచనతో పిచ్చుకకు గదిలోకి పోయి తలుపేసుకోవాలనిపించింది.

వెళ్ళలేదు. తాతయ్య చేతుల్లోంచి కప్పు మెల్లగా తీసుకుంది. తడి గుడ్డ తెచ్చి మణికట్టు మీద వేసింది. కప్పులో మిగిలిన టీ పారబోసి, బల్ల మీద పెట్టి, దానికి అమ్మ ఫోను ఆనించింది. తెర మీద తాతయ్య ముఖం కనిపించింది.

"తాతయ్యా, ఆరోజు బాగుంది అన్నాక ఇంకో మాట అన్నావు కదా. అది మళ్ళీ చెప్పు. రేపు టీచర్‌కి చూపిస్తా."

"ఎందుకే ఇప్పుడవన్నీ? నీ మార్కులు పోతాయి."

"పోనీ," అంది పిచ్చుక.

వేలు చాచి, రికార్డు బటన్ నొక్కింది.