ఏడు వందల ఏళ్ల డ్యూటీ

ముందు ఆ ఫోన్ పక్కన పెట్టండి. దెయ్యం కథ అనగానే దగ్గరికి జరుగుతారు గానీ, ఎవరో రాసిన తాతల గొప్పలు నిజమో కాదో కనుక్కోకుండా పదిమందికి పంపే పాడలవాటు మీకూ ఉంది. సిగ్గుపడి వినండి. విన్నది విన్నట్టే చెబుతున్నాను.

ఆనందపురం దాటాక, సర్వీసు రోడ్డు నుంచి ఒక సందులోకి పోతే, కప్పు కూలిపోయిన రాతి మండపం ఉంది. అందులో నిలువెత్తు నల్లరాయి. దాని నిండా ఎవరికీ అర్థంకాని పాత అక్షరాలు. ముందర నేలలో ఒక రాతి ప్రమిద. పగలు అక్కడ మేకలు పడుకుంటాయి. చీకటి పడ్డాక మాత్రం మనిషన్నవాడు ఆ దారి తొక్కడు.

తొక్కితే... ఏ ఇంటివాడివని చీకట్లోంచి ఎవరో మెల్లగా అడుగుతారట — "ఎవుల తాలూకా నువ్వు?"

విన్నవాళ్ళందరూ పారిపోయారు. నిలబడి జవాబు చెప్పినవాడు ఒక్కడే. గుణశేఖర్.

అతనికి అచ్యుతాపురంలో ఒక కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. సెలవు రోజుల్లో పాత గుళ్ళూ రాళ్ళూ తిరిగి, మన ప్రాంతం పూర్వం ఎలా ఉండేదో వీడియోలు చేసి పెట్టేవాడు. మంచి పనే. మొదట్లో పుస్తకాలు చూసి, పెద్దల్ని అడిగి, జాగ్రత్తగానే చెప్పాడు. ముప్పై మంది చూశారు. ఒకసారి ఎక్కడా జరగని యుద్ధం ఒకటి కలిపాడు — ముప్పై వేల మంది చూశారు. మనిషి చెడిపోవడానికి ఇంకేం కావాలి?

ఆ నల్లరాతి మీదున్నది పూర్వం ఈ ప్రాంతాన్ని ఏలిన గాంగరాజుల సేనాపతి పేరనీ, ఆయన తమ వంశకర్త అనీ చెప్పేశాడు. నిజానికి అందులో ఒక్క అక్షరం కూడా అతనికి చదవడం రాదు. పట్నంలో ఒక చరిత్ర సంఘంవాళ్ళు నమ్మి, ఆదివారం సాయంత్రం సన్మానం పెట్టారు. శాలువా, బిరుదు. ఒక్కటే అడిగారు... ఆ రాతి దగ్గర నిలబడి మాట్లాడిన వీడియో. అది లేకపోతే సన్మానం లేదు.

శనివారం షిఫ్టు దిగి, చెల్లెలి మొగుడు అప్పలరాజుని బండెక్కించుకుని వచ్చేసరికి చీకటి పడిపోయింది. సందు మొదట్లో పూలు కట్టుకుంటున్న జోగమ్మ వాళ్ళని ఆపింది. అక్కడ ఎవరడిగినా పలకొద్దంది. గుణశేఖర్ నవ్వి, దెయ్యం కనబడితే చూసేవాళ్ళు ఇంకా పెరుగుతారన్నాడు.

అప్పలరాజు ఫోన్ పట్టుకున్నాడు. గుణశేఖర్ రాతి పక్కన నిలబడి మొదలెట్టాడు.

"ఈ రాతి మీదున్న మహావీరుడు మా వంశానికి మూలపురుషుడు..."

రాతి వెనకాల ఎవరో దగ్గారు.

గొంగళి కప్పుకున్న ముసలివాడు. మొలకి గోచీ. చేతిలో చిన్న ముంత.

"ఎవుల తాలూకా నువ్వు?"

గుణశేఖర్ ఒకడుగు వెనక్కి వేశాడు. కానీ వీడియో నడుస్తోంది... శాలువా కళ్ళముందు మెదిలింది.

"ఈ రాతి మీద పేరున్నాయన తాలూకా," అన్నాడు.

"నిజిమేనా?" ముసలివాడు దగ్గరికి జరిగాడు. "రాతి మీద సెయ్యేసి సెప్పు నాయినా."

వేశాడు. చెప్పాడు.

ముసలివాడు సంతోషం పట్టలేక ఏడ్చాడు. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఆ రాతిలో ఏముందో చెప్పాడు. అందులో యుద్ధం లేదు. సేనాపతి లేడు. యాభై గొర్రెలున్నాయి. ఎవరో పుణ్యాత్మురాలు దేవుడి దీపానికని ఇచ్చిన గొర్రెలు. వాటిని కాసుకుంటూ, రోజూ పొద్దువాలేసరికి సోలెడు నెయ్యి తెచ్చి దీపం వెలిగించడం కాపరి వంతు. అతని తర్వాత కొడుకులు, మనవలు... సూర్యచంద్రులు ఉన్నంతకాలం. రాతి మీదున్న ఒకే ఒక్క మగపేరు ఆ కాపరిది — పోలిబోయ.

"ఆ పోలిబోయని నానే. పిల్లల్లేకుండా పోనాను. అప్పగించడానికి మావోడొకడు లేడు. దారంట పోయినోళ్ళందర్నీ అడుగుతన్నాను... పరిగెట్టి పోతన్నారు. ఏడొందలేళ్ళయింది బాబూ."

తర్వాతి మనిషి వచ్చేదాకా డ్యూటీ దిగకూడదని షిఫ్టుల్లో పనిచేసేవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. గుణశేఖర్‌కి అంతా అర్థమైంది. నోరు తెరిచేలోగా ముసలివాడు నేతి ముంత అతని చేతిలో పెట్టి, గొంగళి దులుపుకుని, ఫ్యాక్టరీ గేటు దాటే కార్మికుడిలా వెనక్కి చూడకుండా నడిచి... రెండో స్తంభం దగ్గర మాయమయ్యాడు.

చూసుకుంటే చేతిలో ముంత కూడా లేదు.

అప్పలరాజు ఫోన్లో చూపించాడు. అందులో గుణశేఖర్ ఒక్కడే ఉన్నాడు, గాలితో మాట్లాడుతూ.

"బావా, ఇది తీసెయ్. ఎవులికీ సూపించకు," అన్నాడు అప్పలరాజు గుసగుసగా.

గుణశేఖర్ తీసెయ్యలేదు. మూలపురుషుడన్న ముక్క వరకూ ఉంచి, మిగతాది కత్తిరించి సంఘానికి పంపాడు. అప్పుడైనా నిజం చెప్పవలసింది.

ఆదివారం హాలు నిండింది. శాలువా కప్పారు. బయట పొద్దు వాలింది... అతని అరచేతులు చెమర్చాయి. తుడుచుకున్నాడు. మళ్ళీ చెమర్చాయి. అది చెమట కాదు — కమ్మటి వాసన. అప్పుడే కాచిన నెయ్యి.

చేతిలోంచి మైకు జారింది. చేయి కలిపిన అధ్యక్షుడి ఉంగరం ఊడి వేదిక కిందికి దొర్లింది. భోజనాలు మొదలయ్యాయేమోనని వెనక వరసలవాళ్ళు లేచారు. నెయ్యి ఆగలేదు. మోచేతుల మీంచి కారి, పంచె తడిపి, మెట్ల మీద మడుగు కట్టింది. గుణశేఖర్ శాలువాతోనే పరుగెత్తి ఆటో ఎక్కాడు. మండపంలో ప్రమిద నిండి, దీపం వెలిగాకే చేతులు ఆరాయి.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

సాయంత్రం షిఫ్టు పడ్డ వారమే ఉద్యోగం పోయింది. మెషీన్ల మీద నెయ్యి కారిస్తే ఏ కంపెనీ ఊరుకుంటుంది? చివరికి సేనాపతి లేడు, గొర్రెలే ఉన్నాయని నిజం చెప్పి వీడియో పెట్టాడు. పదకొండు మంది చూశారు. సంఘంవాళ్ళు బిరుదు వెనక్కి తీసుకున్నారు.

ఇప్పుడు రోజూ దీపం పెట్టాక చీకట్లోకి చూసి బతిమాలుకుంటాడట — "నాను మీవోణ్ణి కాను తాతా... అబద్దం సెప్పాను."

ఎవరూ పలకరు. వినవలసిన మనిషి డ్యూటీ దిగి వెళ్ళిపోయాడు. తనది కాని ఒక్క పేరుకి గుణశేఖర్ తన సాయంత్రాలన్నీ ఇచ్చుకున్నాడు... బతికినన్నాళ్ళవే కాదు, ఆ తర్వాతవి కూడా.