తోలు పట్టీ కింది బిళ్ళ

వెనిగర్‌లో ఉప్పు కలిపి మొగుడి చేతికర్రకి పట్టించడం, అంతే హెర్తా చేసిన నేరం.

ఎక్కిన ప్రతి కొండకీ, చూసిన ప్రతి ఊరికీ ఒక చిన్న ఇత్తడి బిళ్ళ కొనుక్కుని కర్రకి మేకులతో కొట్టించుకోవడం కోన్‌రాడ్ క్రైనర్‌కి వాళ్ళ తాత నుంచి వచ్చిన అలవాటు. పదకొండేళ్ళలో ఆ కర్ర పిడి నుంచి మోకాలెత్తు దాకా బిళ్ళలతో నిండిపోయింది. బ్రూజ్, సియెనా, సాల్జ్‌బర్గ్, ఇంకా పేరు పలకడానికే ఆయాసం వచ్చే కొండలు నాలుగు. జూన్ నెల మంగళవారం పొద్దున, కాఫీ దిగేలోపు, హెర్తా వాటిలో సగం తళతళలాడించింది.

కోన్‌రాడ్ స్నానాల గదిలోంచి వచ్చి చూశాడు.

"దాన్నెవరు తోమమన్నారు?"

"నల్లగా ఉంటే తోమాను. పిడి దగ్గర ఈ తోలు పట్టీ కూడా బూజు పట్టింది. విప్పి తుడుస్తాను, ఆగు."

"ఆ నలుపుకి పదకొండేళ్ళు పట్టింది, తెలుసా నీకు? గిన్నె అనుకున్నావా తోమడానికి? పట్టీ జోలికి పోకు. ఇటివ్వు."

హెర్తా ఇవ్వలేదు. లాక్కున్నాడు. వెనిగర్ గిన్నె దొర్లి మేజాగుడ్డ తడిసింది. లోపలి గదిలోంచి అత్తగారు హెర్మీనె రేడియో తగ్గించి, ముసలితనంలో మీకిదేం పోయేకాలం అని అడిగింది. కోన్‌రాడ్ కిందికి దిగి, కర్రని కారు వెనక సీట్లో పెట్టి తాళం వేసి వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో గొంతు పెంచని మనిషి. వయసు మీద పడుతోంది కాబోలనుకుని హెర్తా మేజాగుడ్డ మార్చింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ గ్రాజ్ పాత ఊళ్ళోకి వెళ్ళారు. గొడుగులు బాగుచేసే దుకాణం వెనక ఒక గది ఉంది. ఇరుగుపొరుగుకి క్రైనర్ దంపతులు పెందలాడే రిటైరై ఊళ్ళు తిరిగే అదృష్టవంతులు. ఆ గదిలో మాత్రం వాళ్ళు ఒక గూఢచారి ఆఫీసుకి ఏజెంట్లు. తొందర లేకుండా చర్చిలూ సరస్సులూ చూసుకుంటూ తిరిగే నడివయసు జంటని ఏ దేశం సరిహద్దులోనూ ఎవరూ అనుమానించరు. ఆ ఒక్క కారణంతో ఆఫీసు ఈ ఇద్దర్నీ పదకొండేళ్ళు యూరప్ అంతా తిప్పింది. కమ్యూనిస్టు దేశాల ఇనుప కంచె అవతలినుంచి పారిపోయి వచ్చేవాళ్ళని ఇవతలికి చేర్చడం వాళ్ళ పని. పంతొమ్మిది మంది చేరారు. నలుగురు దారిలో దొరికిపోయారు.

చీఫ్ డాక్టర్ ఓస్వాల్డ్ ఒక ఫోటో బల్ల మీద పెట్టాడు. నెరిసిన మీసం, కళ్ళ కింద సంచులు.

"ఇమ్రె బార్దోష్. బుడాపెస్ట్‌లో కెమిస్టు. విషవాయువు తయారు చెయ్యమంటున్నారు, నావల్ల కాదంటున్నాడు. దొరికితే ఉరి తీస్తారు. గురువారం ఫ్యాక్టరీ టూరు బస్సులో మన సరిహద్దు అవతలి బ్లెడ్‌కి వస్తున్నాడు. పదకొండింటికి అక్కడి సరస్సు మధ్య దీవిలో, చర్చి ముందు."

ఆంటోన్ పిఖ్లర్ అన్న పేరుతో తయారు చేసిన దొంగ పాస్‌పోర్టుని ఆయన వాళ్ళ ఫ్లాస్కు అడుగున ఉన్న రహస్యపు అరలో దాచి బిగించాడు. దాంతో బార్దోష్ పన్నెండున్నర బస్సెక్కి ఒంటరిగా ఆస్ట్రియాలోకి దాటాలి. కోడ్ వాక్యాలు చెప్పాడు. చర్చి గంట మోగిస్తే కోరిక తీరుతుందా అని అతను అడుగుతాడు. అంతా సవ్యంగా ఉంటే, మా ఆయన్ని అడగండి అనాలి. ప్రమాదమైతే, నాకు తెలియదనాలి. అప్పుడతను టూరు బస్సులోనే వెనక్కి పోతాడు.

"వలెస్కా కూడా అక్కడే ఉంటుంది," అన్నాడు చీఫ్. అవతలివాళ్ళ జీతం తింటూ వీళ్ళకి కబుర్లు మోసే మనిషి ఆవిడ. "నలుగురినీ అమ్మింది ఆవిడేనని నా అనుమానం. అందుకే పిఖ్లర్ అన్న పేరు ఆవిడకి చెప్పలేదు. మనం ముగ్గురమే ఎరుగుదుం. ఈసారి కూడా కొంప మునిగితే, వలెస్కా ఫైలు మూసేస్తాను."

ఫైలు మూస్తే ఆ మనిషి మళ్ళీ కనబడదని హెర్తాకి తెలుసు. జాలి వెయ్యలేదు. రెండేళ్ళ కిందట వెనిస్‌లో వలెస్కా పడవ దిగుతుంటే కోన్‌రాడ్ చెయ్యి అందించిన తీరు ఆమెకింకా గుర్తే.

బుధవారం బయల్దేరారు. హెర్తా కారు నడిపింది. పక్కన కోన్‌రాడ్ గైడుబుక్ చదివి వినిపించాడు, ఏ గుడి గోపురం ఎన్ని అడుగులో, ఏ దొర ఎక్కడ చచ్చాడో. నచ్చిన చోటల్లా ఆపి ఉడికించిన గుడ్లు తిన్నారు. సరిహద్దు సొరంగం దగ్గర గార్డులకి వాళ్ళు పాతకాపులు. ఒకతను వెనక సీట్లోకి తొంగి చూసి, "ఎన్నయ్యాయి ముసలాయనా బిళ్ళలు? మా సొరంగానిది ఎప్పుడు కొడతావు?" అని అడిగాడు. కోన్‌రాడ్ దవడ పట్టుకుని మూలిగాడు. నిజంగానే పన్ను నొప్పి. హెర్తా హ్యాండ్‌బ్యాగులోంచి లవంగనూనె తీసి దూదితో పెట్టింది. కారంతా లవంగం వాసన.

గురువారం తొమ్మిదింటికి హోటల్ డాబా మీద హెర్తా ఒక్కతే కూర్చుంది. కోన్‌రాడ్ గడ్డం గీయించుకోవడానికి వెళ్ళాడు. తెల్ల చేతితొడుగులు, నల్లద్దాలు, మోకాళ్ళు దాటని పట్టుగౌను, వలెస్కా వచ్చి ఎదురుగా కూర్చుని మీగడ కేకు తెప్పించుకుంది. కేకు వైపే చూస్తూ మాట్లాడింది.

"సరిహద్దులో బస్సుల దగ్గర ఇద్దరు కాపలా ఉన్నారు. వాళ్ళ దగ్గరో పేరుంది. ఆంటోన్ పిఖ్లర్. అది ఎవరో నాకు తెలియదు. మీకు తెలిస్తే, అతన్ని బస్సెక్కనివ్వకండి."

"నాకెందుకు చెప్తున్నారు?"

"మీ చీఫ్‌కి చెప్తే నేనే అమ్మానంటాడు. అందంగా ఉన్నదాని మాట ఎవరు నమ్ముతారండీ? మీరైతే నన్నెలాగూ అసహ్యించుకుంటారు. పోయేదేముంది?"

కేకు సగం వదిలేసి వెళ్ళిపోయింది.

హెర్తా కాఫీ పూర్తిగా తాగింది. ముగ్గురికి తెలిసిన పేరు. తను చెప్పలేదు. చెప్పేవాడైతే చీఫ్‌కి ఈ ప్లానంతా అక్కర్లేదు. ఆ తర్వాత మంగళవారం నాటి వెనిగర్ గిన్నె గుర్తొచ్చింది. పట్టీ జోలికి పోకన్న మాట గుర్తొచ్చింది.

గదిలోకి వెళ్ళి తలుపు గడియ వేసి, మూలనున్న కర్ర తీసుకుని గోళ్ళ ఆకురాయి మొనతో తోలు పట్టీ మేకులు లేపింది. పట్టీ కింద కర్రలోకి దిగ్గొట్టిన ఒక బిళ్ళ. బిళ్ళ మీద జలపాతం బొమ్మ, కింద సావిత్సా అన్న పేరు.

ఈ హోటల్‌కి గంట దూరంలో ఉంది ఆ జలపాతం. కిందటి సెప్టెంబర్‌లో, దొరికిపోయిన నలుగురిలో ఒకతె, యుదిత్ అనే పియానో టీచరు అక్కడి గుడిసెలో దాక్కుని వీళ్ళ కోసం ఎదురుచూడాలి. ఆదివారం వీళ్ళు వెళ్ళాలి. శనివారమే ఆమెని పట్టుకుపోయారు. క్రైనర్ దంపతులు సగం దారిలోంచి వెనక్కి తిరిగారు, జలపాతం చూడనే లేదు. ఆ శుక్రవారం కోన్‌రాడ్ విల్లాఖ్‌లో తమ్ముడింట్లో ఉన్నానన్నాడు. బిళ్ళ అమ్మేది జలపాతానికి ఎక్కే ఐదొందల మెట్ల కింద కొట్లో మాత్రమే.

ఎక్కని కొండ బిళ్ళ కొట్టుకోవడం సిగ్గుచేటని నమ్మేవాడు కోన్‌రాడ్. ఎక్కిన కొండ బిళ్ళ కొట్టుకోకుండా ఉండడం అతనికి అంతకంటే కష్టం. ఒక మనిషిని పట్టించడానికి ఎక్కినా సరే, మెట్లు మెట్లే.

పదిన్నరకి వాళ్ళు పడవెక్కారు. పడవవాడు తలలు లెక్కపెట్టుకున్నాడు, పద్నాలుగు. అరగంటలో మళ్ళీ పద్నాలుగు తలలతో బయల్దేరతానని, ఎవరి కోసమూ ఆగనని చెప్పాడు. దీవి మీద తొంభైతొమ్మిది మెట్లు. పెళ్ళైన కొత్తలో కోన్‌రాడ్ ఆమెని ఆ మెట్లమీద ఎత్తుకుని మోశాడు. పెళ్ళికొడుకు మోస్తుంటే పెళ్ళికూతురు నోరెత్తకూడదని అక్కడి ఆచారం. హెర్తా ఆ రోజు నోరెత్తలేదు. ఈ రోజు పైకి వెళ్ళేదాకా ఎత్తలేదు.

చర్చి ముందు బల్ల మీద కూర్చున్నాక, పీకి తెచ్చిన బిళ్ళని అతని అరచేతిలో పెట్టింది.

కోన్‌రాడ్ దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత దాచకుండా చెప్పాడు. తొమ్మిదేళ్ళ కిందటే ఆఫీసు తమ ఇద్దరినీ మానిపించేద్దామనుకుంది. అవతలివాళ్ళు ఒక బేరం పెట్టారు. వాళ్ళకి కావలసిన మనిషిని ఎప్పుడో ఒకసారి ఇస్తే, మిగతావాళ్ళని చూసీచూడనట్టు వదిలేస్తారు. పని బాగా జరుగుతున్నట్టు కనిపిస్తే ఆఫీసు ఆపదు.

"ఆపితే ఏమయ్యేది?" అంది హెర్తా.

"ఏమయ్యేది? గ్రాజ్‌లో మా అమ్మ రేడియో వింటూ కూర్చునేవాళ్ళం. నీకు సియెనా ఎవరు చూపించారనుకున్నావు? బ్రూజ్‌లో ఆ లేసు కొనుక్కుని చిన్నపిల్లలా ఎంత మురిసిపోయావో. నలుగురే హెర్తా. పదకొండేళ్ళలో నలుగురు."

బ్రూజ్‌లో లేసు కొన్న సాయంత్రమే రెండో మనిషి దొరికాడన్న కబురు వచ్చింది. ఆ రాత్రి భోజనంలో చేప చాలా బాగుందనుకున్నారు ఇద్దరూ. చేరిన పంతొమ్మిది మందీ తన తెలివి వల్ల చేరారని హెర్తా ఇన్నేళ్ళూ లోలోపల గర్వపడింది. వాళ్ళని వదిలింది అవతలివాళ్ళు. ఆమె చేసిందల్లా ఊళ్ళు చూడడం.

"ఇప్పటికీ మించిపోలేదు," అన్నాడు కోన్‌రాడ్. "అతనికి తెలియదని చెప్పు. వెనక్కి పోతాడు. ఎవరికీ ఏమీ కాదు. పద, గంట మోగిద్దాం. గైడుబుక్‌లో మూడుసార్లు లాగాలని ఉంది."

"క్యూ పెద్దదిగా ఉంది. నువ్వెళ్ళి నిలబడు. అతనితో నేను చెప్తాను."

అతను నమ్మాడు. ఏ ఊళ్ళో ఏం చూడాలో అతను చెప్పడం, ఆమె సరేననడం పదకొండేళ్ళుగా అలవాటు. చర్చిలో టోపీ పెట్టుకోకూడదని టోపీ, కర్ర బల్ల మీద వదిలి లోపలికి వెళ్ళాడు.

నెరిసిన మీసం మనిషి ఒకడు చెమట తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు. నేర్చుకున్న జర్మన్‌లో అడిగాడు.

"ఈ గంట మోగిస్తే కోరిక తీరుతుందంటారు. నిజమేనా?"

హెర్తా చర్చి గుమ్మం వైపు చూసింది. "మా ఆయన్ని అడగండి," అంది.

అతని భుజాలు దిగాయి. ఫ్లాస్కు కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. టోపీ తీసి అతని తల మీద పెట్టింది, కర్ర చేతికిచ్చింది. లవంగనూనెలో ముంచిన దూదిని దవడలో కుక్కి, తన స్కార్ఫుని మీసం కప్పేలా దవడల చుట్టూ తిప్పి నెత్తి మీదికి ముడేసింది.

"ఇక నుంచి మీరే మా ఆయన. పన్ను నొప్పి. మాట్లాడకండి, మూలగండి చాలు. మెట్ల మీద నా చెయ్యి పట్టుకోండి, ఆయన పట్టుకునేవాడు."

దొంగ పాస్‌పోర్టుతో సహా ఫ్లాస్కుని బల్ల మీదే వదిలేసింది. పడవవాడు పద్నాలుగు తలలు లెక్కపెట్టుకుని తెడ్డు వేశాడు. దీవి వెనక్కి జరుగుతుంటే చర్చి గంట మోగింది. మూడుసార్లు.

పాస్‌పోర్టులెప్పుడూ హెర్తా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటాయి. కోన్‌రాడ్ ఫోటో పన్నెండేళ్ళ నాటిది, మీసం ఉన్న రోజుల్లోది. తర్వాతి పడవ ముప్పావుగంటకి గానీ లేదు, దీవిలో ఫోను లేదు. హెర్తా ఆ కొండదారిలో ఎప్పుడూ నడపనంత జోరుగా నడిపింది. సొరంగం ముందు ఆరు కార్లు. పక్కన ఆగిన ఒక బస్సు దగ్గర కోట్లు వేసుకున్న ఇద్దరు కాగితాలు చూస్తున్నారు. కార్ల వైపు చూడలేదు.

నిన్నటి గార్డే వచ్చాడు. లవంగం వాసనకి ముక్కు చిట్లించాడు.

"ఇంకా తగ్గలేదా ముసలాయనా?"

బార్దోష్ మూలిగాడు. మూలుగు బాగానే వచ్చింది, అతను నిజంగానే ఏడుస్తున్నాడు. గార్డు వెనక సీట్లో కర్రని చూసి, పాస్‌పోర్టులు తెరవకుండానే తిరిగిచ్చి, అడ్డుకర్ర ఎత్తమని చెయ్యి ఊపాడు. అప్పుడే కాపలా గుడిసెలో ఫోను మోగింది. "ఆగమ్మా ఒక్క నిమిషం," అని గార్డు వెనక్కి తిరిగాడు. అడ్డుకర్ర అప్పటికే సగం లేచింది. హెర్తా ఆగలేదు. కారు పైకప్పుకి అడ్డుకర్ర రాసుకున్న చప్పుడు వినబడింది. తర్వాత చీకటి, సొరంగం, అవతల ఆస్ట్రియా ఎండ.

కోన్‌రాడ్ శనివారం సాయంత్రం వచ్చాడు, పాస్‌పోర్టు పోగొట్టుకున్న టూరిస్టుగా, కాన్సులేటు ఇచ్చిన కాగితంతో. మర్నాడు పొద్దున వంటింట్లో హెర్తా ఘాటు ముల్లంగి తురుముతుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఆ ఫోను నువ్వే చేశావు కదూ?" అంది తలెత్తకుండా.

"వాళ్ళు నిన్నేమీ చెయ్యబోమని మాటిచ్చారు."

ముల్లంగి ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తురమడం పూర్తయ్యేదాకా తుడుచుకోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కూతురు ఉల్లీ వచ్చింది. హెర్మీనె తన కుర్చీలో, కోన్‌రాడ్ తన కుర్చీలో కూర్చున్నారు. హెర్తా ఉడికించిన మాంసం, బంగాళాదుంపలు, ముల్లంగి తురుము అందరికీ వడ్డించి కూర్చుంది. అతన్ని జైల్లో పెట్టించాలా, వాడుకోవాలా అన్నది, జరిగిందంతా విన్న డాక్టర్ ఓస్వాల్డ్ ఆమెకే వదిలేశాడు.

"ఒక నిర్ణయం తీసుకున్నాను," అంది. "ఇక మీదట కోన్‌రాడ్ ప్రయాణాలు చెయ్యడు. సెప్టెంబర్‌లో పోర్చుగల్ నేను వెళ్తాను, వలెస్కా అని ఒక స్నేహితురాలితో."

"మోకాళ్ళా?" అంది హెర్మీనె.

"అవునత్తయ్యా, మోకాళ్ళు. ఇంట్లోనే ఉంటాడు. సరిహద్దు అవతలి తన స్నేహితులకి ఎప్పటిలా ఉత్తరాలు రాస్తుంటాడు, ఏ ఊరు చూశాడో, ఎవర్ని కలిశాడో. ఏం రాయాలో నేను చెప్తాను."

కోన్‌రాడ్ ఫోర్కు కింద పెట్టాడు.

ఉల్లీ నవ్వింది. "చూడని ఊళ్ళ గురించి నాన్నెలా రాస్తాడమ్మా?"

"గైడుబుక్ ఉందిగా."

హెర్మీనె కొడుకు పళ్ళెంలో ఇంకో దుంప వేసి, పాపం ఆ కర్ర ఏం చేస్తారని అడిగింది.

"నడవాలో మేకు కొట్టి తగిలించాను," అంది హెర్తా. "వారానికోసారి పొడిగుడ్డతో తుడవండి చాలు. తోమితే ఆయనకి నచ్చదు."