తట్టేవాళ్ల వాటా

మిట్టమధ్యాహ్నం...! అమెరికాలోని మొహావే ఎడారిలో మనిషి నీడ సైతం భయపడి కాళ్ల కిందకి దూరే వేళ! బొరియ దగ్గర నిలబడిన గుడ్లగూబ పట్టపగలే గుడ్లురిమి చూస్తోంది. దూరంగా, చుక్క వాన కూడా రాల్చని మేఘం ఒకటి ఉరిమింది.

మొర్వెన్నా గని ద్వారం దగ్గర ఆగింది.

యుగాల కిందట భూగర్భంలో మరిగిన నీరు ఈ కొండ పగుళ్లలోకి ఎగదన్ని, తెల్లరాతి చారగా గడ్డకట్టి, తనలో బంగారాన్ని దాచుకుంది. తర్వాత ఏనాడో కొండ తనలో తానే విరిగి జారింది. చార తెగిపోయింది! ఇంగ్లండు కొసనున్న కార్న్‌వాల్ నుంచి సముద్రం దాటి వచ్చిన గనివాళ్లు దాన్ని వెంబడించి తవ్వుతూ వచ్చి, నల్లటి జిగటమన్ను అడ్డుపడిన చోట పోగొట్టుకున్నారు. అయినా ఆగక ముందుకే తవ్వారు. అక్కడే కప్పు కూలి ఆమె భర్త జాగో ప్రాణం పోయింది. ఆ తర్వాత ఒక్కొక్కరే మూటలు సర్దుకున్నారు. జాగోని ఆ రాళ్ల కింద వదిలి ఆమె ఎక్కడికి వెళ్తుంది?

బతికి ఉండగా జాగో కుంటుకుంటూ ఇంటికొచ్చి, తలుపు మీద మూడుసార్లు తట్టేవాడు. ఆ చప్పుడు లేని ఇంట్లో గాలికి రేకు కదిలినా ఆమె లేచి కూర్చునేది. అందుకే మాంత్రికుడు ఎజ్రా "నీ మొగుడితో మాట్లాడిస్తా" అనగానే తలూపింది.

సొరంగం చివర చీకటి... కొవ్వొత్తి వెలుగులో పాదరసంతో గీసిన వలయం. దాని మధ్య, కూలిన రాళ్లు తొలిచి ఎజ్రా బయటికి తీసిన ఒక కపాలం! ముందు పన్ను వంకర చూసి మొర్వెన్నా నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. జాగో!

ఆమె గుడ్డమూటలోని మాంసపు రొట్టె తీసి, దాని మందపాటి అంచు విరిచి రాతి గట్టు మీద పెట్టింది. గనిలో కనిపించకుండా తిరిగే చిట్టి దయ్యాలు, తట్టేవాళ్ల వాటా అది. కప్పు కూలేముందు గోడలు తట్టి హెచ్చరించేది వాళ్లే. అందరూ వెళ్లిపోయినా ఆమె ఒక్కరోజు కూడా ఆ వాటా మానలేదు.

ఎజ్రా దాన్ని తీసి నోట్లో వేసుకున్నాడు.

"అయ్యో! అది వాళ్లదయ్యా!"

"ఎవరిది, ఎలకలదా? ఉప్పు తక్కువైందమ్మాయ్. ఈసారి సరిగ్గా వండు!" అని పకపకా నవ్వి, ఆమెను వలయంలో కూర్చోబెట్టాడు. తర్వాత పెదాలు బిగించి ఈల వేశాడు... కీడని గనిలో ఏ గనివాడూ వేయని ఈల!

మొర్వెన్నా దేహం విల్లులా వంగింది. కళ్లు తేలిపోయాయి. ఆమె గొంతులోంచి మగ గొంతు!

"మొర్వెన్నా... ఎందుకొచ్చావే ఇక్కడికి?"

"వచ్చావా!" ఎజ్రా కపాలం మీద మేకు ఆనించి సుత్తి ఎత్తాడు. "చార ఎటు పోయింది? చెప్పు! చెప్పకపోతే నీ ఆత్మని ఈ పుర్రెకి దిగ్గొడతా. కొండకొండకీ కుక్కలా తిప్పి బంగారం వాసన చూపిస్తా! నీ పెళ్లాం ఒళ్లే నీకు గొలుసు!"

టక్... టక్... టక్...

గోడలోంచి తట్టుడు! ఎజ్రా కళ్లు మెరిశాయి. తట్టేవాళ్లు బంగారం చోటు చూపిస్తారని కూడా కొందరంటారు.

"అదిగో! బంగారం పిలుస్తోంది!"

"పిలవడం కాదురా మూర్ఖుడా, పొమ్మంటున్నారు!" అని గర్జించింది జాగో గొంతు.

ఎజ్రా వినలేదు. సుత్తి వదిలి గునపం అందుకుని నల్లమన్నులో పొడిచాడు. మొర్వెన్నా తనకు తెలియకుండానే లేచి, కపాలాన్ని గుండెకు హత్తుకుంది. కాళ్లు ద్వారం వైపు నడిచాయి... కుంటుతూ! అది ఆమె నడక కాదు!

వెనక దుంగలు ఫెళఫెళమని విరిగాయి. కొండ మరోసారి జారింది! కప్పు చీలి, అరచెయ్యంత వెడల్పు తెల్లరాతి చార పసిడి పొడతో ధగధగలాడింది. అందరూ ముందుకు తవ్వారు; అది మాత్రం ఇన్నాళ్లూ నెత్తి మీదే ఉంది!

"నాది! అంతా నా—!!"

ఆ బంగారమే అతడి మీద కూలింది.

బయట ఎండలో పడి మొర్వెన్నా తన ఛాతీని గట్టిగా పట్టుకుంది, పోనివ్వనన్నట్టు. "ఉండిపో జాగో. నాలోనే ఉండిపో."

ఆమె పెదాలే బదులు పలికాయి. "వద్దే. ఇద్దరికీ ఒక్క ఒళ్లు సరిపోదు. నువ్వసలే నిద్దట్లో దొర్లుతావు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే కాలిలోని కుంటు పట్టు వదిలింది... జాగో వెళ్లిపోయాడు.

కపాలాన్ని గని ద్వారం పక్కనే పాతిపెట్టింది. పొద్దువాలేదాకా అక్కడే కూర్చుంది. మిగిలిన రొట్టె అంచు విరిచి, కూలిన రాళ్ల మీద పెట్టింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు... గాలి కూడా లేదు.

లోపలినుంచి మూడుసార్లు తట్టిన చప్పుడు.

ఆమె రాతి మీద చెవి ఆనించి, ఒకప్పుడు ఇంటి తలుపు తీసేటప్పుడు జాగోతో అన్నట్టే అంది.

"వస్తున్నా, ఉండు."

కానీ తీయడానికి అక్కడ తలుపు లేదు.