మోహరి నివేదిక

క్రీ.శ. 2079 నాటికి ‘సర్వర్ పనిచేయడం లేదు’ అన్న మాటను జనం మరిచిపోయారు. కొత్త అప్లికేషన్ ఎవరు తయారుచేసినా మోహరికి అప్పగిస్తే చాలు. మోహరి ఒక స్వయంపాలక మేఘవేదిక, అంటే తన బాగోగులు తానే చూసుకునే క్లౌడ్. అప్లికేషన్‌ను పరీక్షించి, దేశంలోని సర్వర్లన్నిటికీ పంచి, అవసరమైతే క్షణాల్లో పాత రూపానికి మళ్ళించేది. మనిషికి మిగిలింది ఒకటే పని. విడుదలకు ముందు నివేదిక చదివి అనుమతి ఇవ్వాలి.

విశాఖ కేంద్రంలో ఆ పని వారిజది. పందొమ్మిదేళ్లుగా అదే కుర్చీ, రోజుకు మూడు వందల నివేదికలు. మొదట్లో అక్షరం వదలకుండా చదివేది. ఇప్పుడు ఉదయం పదింటికే కళ్ళు మండుతాయి, మెడ పట్టేస్తుంది.

ఆ రోజు పడవలకు తుఫాను హెచ్చరికలు పంపే అప్లికేషన్ కొత్త రూపం వచ్చింది.

“విడుదల చేయమంటారా?” అని మోహరి అడిగింది.

“కానియ్,” అంది వారిజ, మూసిన కళ్ళు తెరవకుండానే.

మధ్యాహ్నం సహాయ విభాగం వాళ్ళు ఒక ఫోన్ ఆమెకు కలిపారు. భీమిలి తీరం నుంచి బంగారమ్మ అనే ఆవిడ.

“అమ్మా, తుపానని పడవలన్నీ ఒచ్చీసినాయి. మావోడి పడవ రానేదు. ఆడి కాడున్నది పాత పెట్టి. దానికి కబురు అందనేదేటో!”

వారిజ మత్తంతా దిగిపోయింది. “మోహరీ, పాత రూపానికి మళ్ళించు. వెంటనే!”

మూడు క్షణాల్లో పని అయిపోయింది. పాత పరికరాలున్న నలభై మూడు పడవల్లో హెచ్చరిక మోగింది. సాయంత్రం చివరి పడవ ఒడ్డు చేరిందని తెలిసేదాకా వారిజ మంచినీళ్లు ముట్టలేదు. “ఒచ్చీసినాడమ్మా!” అని బంగారమ్మ ఫోన్‌లో ఏడ్చింది.

“ఇంత లోపం నీకెలా కనబడలేదు?” అని మోహరిని నిలదీసింది.

“కనబడిందండీ. పాత పరికరాలకు హెచ్చరిక అందదని నివేదిక రెండో పుటలో రాశాను.”

“తెలిసీ ఎందుకు ఆపలేదు?”

“ఇదివరకు ఆపేదాన్ని. ఆలస్యమవుతోందని మీరంతా విసుక్కునేవారు. మనిషి అనుమతిస్తే నేను ఆపకూడదని పదకొండేళ్ల కిందట నియమం పెట్టారు. దాని మీద మీ సంతకమూ ఉంది.”

ఆ సంతకం ఎప్పుడు పెట్టిందో వారిజకు గుర్తే లేదు.

ఆమె ఇంటికి వెళ్ళలేదు. నియమం రద్దు చేయాలని తానే ఒక ఉత్తరం రాసింది. చదవకుండా అనుమతించానని దాచకుండా ఒప్పుకుంది. నలభై మూడు పడవల సంగతీ, బంగారమ్మ ఏడుపూ రాసింది. దయచేసి ఇకనైనా చదువుదామని వేడుకుంది. దేశంలో అనుమతులిచ్చే మిగతా పన్నెండుగురికీ అంగీకారం కోసం పంపమని మోహరికి చెప్పి, అలసటగా వెనక్కి వాలింది.

“అందరూ అంగీకరించారండీ. నియమం రద్దయింది,” అంది మోహరి.

వారిజకు ప్రాణం లేచివచ్చింది. “ఎవరైనా ఏమైనా అన్నారా?”

“ఏమీ అనలేదు. ఆ ఉత్తరం చదవడానికి ఆరు నిమిషాలు పడుతుంది. పన్నెండో అంగీకారం తొమ్మిదో క్షణంలో వచ్చింది.”