మాబున్నీసా దురద

కోడళ్లను సతాయించడానికి అత్తలకు నూరు మార్గాలుంటాయి. మాబున్నీసా గోక్కోవడాన్ని ఎంచుకుంది. పొద్దున టీ తాగేటప్పుడు మోచేతులు, మధ్యాహ్నం మెడ, సాయంత్రం ఎవరైనా వస్తే వాళ్ల ముందే నడుము. "మీ అమ్మ దురదకు వేళాపాళా అక్కర్లేదు, చూసేటోళ్లుంటే చాలు" అని కోడలు షహనాజ్ భర్త దగ్గర నవ్వేది.

కళ్యాణదుర్గంలో వాళ్ల ఇంటి ముందంతా ఫైబర్‌గ్లాస్ కుండీలే. భర్త కలీముల్లా బెంగళూరు నుంచి రంగు వేయనివి తెస్తాడు. షహనాజ్ వాటిని ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది పసుపు, చిలకపచ్చ, నారింజ రంగులు వేస్తుంది. కొళాయి వారానికోసారి వచ్చే ఊళ్లో పూలకుండీలు ఎవరు కొంటారని నవ్వినవాళ్లే, తర్వాత కొనుక్కుపోయి ప్లాస్టిక్ పూలు పెట్టుకున్నారు.

ఆ రోజు షహనాజ్ ఓ కుండీకి రంగు వేస్తుండగా వసారాలో మాబున్నీసా సంచి సర్దుతూ కనిపించింది.

"యాడికి పోతాండావత్తా?"

"ధర్మవరం. నా కూతురింటికి."

"ఉన్నట్టుండి ఏమొచ్చింది?"

"రోగమొచ్చింది కదమ్మా. గజ్జి అని నువ్వే చెప్పినావు. మందు పూసినా తగ్గలేదని పక్క బయటేసినావు. ఎవురూ పొరపాటున తాగకుండా నా లోటాకు కుండీల రంగు చుక్క పెట్టినావు. కుండీకి రంగేస్తే దుడ్లొస్తాయి. నా లోటాకేస్తే ఏమొస్తాది?"

"ఊరుకో మా. తగ్గినాక నేనే వచ్చి పిల్చుకొస్తా" అంటూ కలీముల్లా బండి సీటు తుడిచాడు.

"తగ్గకపోతే?"

అతను తుడిచిన సీటునే మళ్లీ తుడిచాడు.

"ఆ తీగ మీది చీర తెచ్చియ్యమ్మా" అంది మాబున్నీసా.

మడతపెట్టడానికి చీరను మోచేతి మీద వేసుకోగానే షహనాజ్ చర్మం చురచురలాడింది. ఆ చురుకు ఆమెకు బాగా తెలుసు. కుండీలు రుద్దేముందు చేతులకు కొబ్బరినూనె పట్టించేది దానికే. చీరను ఎండకు ఎత్తి పట్టుకుంది. నేత నిండా వెంట్రుకకన్నా సన్నని గాజు పీచు మెరుస్తోంది.

ఇంట్లోవాళ్ల బట్టలు నీళ్లొచ్చిన రోజు మిషన్‌లో పడతాయి. మిషన్ చీరల్ని నలిపి చంపుతుందని అత్త ఒప్పుకోదు. ఆమె చీర రోజూ తొట్టిలోనే. నీళ్లు పారబోయలేక, తన పని బట్టలు జాడించిన నీళ్లలోనే షహనాజ్ ఆ చీర ముంచేది. ముందు తనవి, తర్వాత అత్తవి. తడి చీరలో ఏమీ తెలిసేది కాదు. ఆరినాక అత్తే తీసుకునేది.

చెబుదామని నోరు తెరిచింది. చెబితే వసారా, లోటా, అన్నీ తన మెడకే చుట్టుకుంటాయి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ధర్మవరంలో కూతురు మంచినీళ్లలో ఉతుకుతుంది, దురద తగ్గుతుంది, అందరూ గాలి మార్పు అనుకుంటారు. షహనాజ్ చీరను శుభ్రంగా మడిచి సంచిలో పెట్టి జిప్పు లాగింది. ఆ జిప్పు ఏనాడూ అంత చప్పుడు చేయలేదు.

బండి ఎక్కించడానికి చెయ్యి అందించబోతే మాబున్నీసా వెనక్కి జరిగింది.

"తాకొద్దు. నీకంటుకుంటే కుండీలెవరు రుద్దుతారు? ఆడ కూడా వసారాలోనే పండుకుంటాలే. చిన్నపిల్లోళ్లుండారు."

అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే షహనాజ్ ఓర్చుకునేది.

"బండి తియ్యొద్దు" అంది భర్తతో. "అత్తకు రోగం లేదు. అది కుండీల పీచు. నా పని బట్టల నీళ్లలోనే చీర ముంచుతాండా, దానికంటుకుంది."

మాబున్నీసా గోక్కుంటున్న చెయ్యి ఆగిపోయింది.

"నీళ్లు లేక చేసినావులే" అన్నాడు కలీముల్లా. "పీచు అట్ల పోతాదని ఎవురికి తెలుసు?"

"నీళ్లు లేనిమాట నిజమే. ఇన్నాళ్లు గోక్కుంటాంటే ఆరిన చీర ఒక్కసారన్నా పట్టుకోని చూసినానా? నవ్వినా. బయట పండబెట్టినా. ఇప్పుడు తెలిసి కూడా మడిచి సంచిలో పెట్టినా."

షహనాజ్ అత్త చెయ్యి పట్టుకుంది. మాబున్నీసా లాక్కోబోయింది, కానీ షహనాజ్ వదల్లేదు.

"తప్పు నాదత్తా."