దెయ్యానికి కరెంటెందుకు?

“ముసలాయన ఖలాసైపాయ అన్యాడు సార్. ఈ చెవులతోనే ఇన్న్యా.”

మునిలక్ష్మి చెవి పట్టుకుంది, ఆ మాట ఇంకా అక్కడే వేలాడుతున్నట్టు.

నాగేంద్రప్రసాద్ పడవలు కట్టేసే మెరీనా గట్టు మీంచి నీళ్లలోకి చూశాడు. నిన్న పొద్దుటిదాకా అక్కడొక తెల్ల పడవ ఉండేది. అందులో ఒక ముసలి కెప్టెన్ కాపురం ఉండేవాడు. ఇప్పుడు పడవ లేదు. కెప్టెన్ లేడు. ఆయన దగ్గర పనిచేసే దొరబాబూ లేడు. మిగిలింది పొగమంచు, దాని కింద ఖాళీ బెర్త్.

బెర్త్ అంటే పడవ పడుకునే చోటు. మొదటి అక్షరం మారితే డెత్.

నాగేంద్రప్రసాద్ కువైట్‌లోని మిర్కాబ్‌లో ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటర్. ఆ పడవకు పాలసీ ఇచ్చింది వాళ్ల కంపెనీయే. పుట్టింది రాజంపేట. బుర్ర నిండా అనుమానాలు, నోటి నిండా శ్లేషలు. ఈ రోజు మాత్రం ఒక్కటీ పేలడం లేదు. మంచుకి తడిసిన టపాకాయల్లా చీదేస్తున్నాయి.

పక్క పడవల తెరచాప కొయ్యలకు తాళ్లు కొట్టుకుంటున్నాయి. టక్. టక్. ఎవరో తలుపు తట్టి, తీసేలోపే వెళ్లిపోతున్నట్టు.

“దొరబాబు ఫోన్ ఎప్పుడొచ్చింది?”

“నిన్న పొద్దున సార్. నేను ఈ మెరీనాలోనే కక్కసులు కడుగుతాండా.”

“ఖలాస్ అన్నాక?”

“ధబేల్‌మని నీళ్ల సద్దు. ఫోన్ కట్.”

పక్కనున్న పోలీస్ ఆఫీసర్ అరబిక్‌లో లెక్క తేల్చేశాడు. ముసలాయన చచ్చాడు. శవం నీళ్లలో పడింది. దొరబాబు పడవతో పారిపోయాడు. సాక్ష్యానికి కెప్టెన్ హీటర్ మునిలక్ష్మి గదిలో దొరికింది. కెప్టెన్ ఉన్ని దుప్పటి అబూ హలీఫాలో దొరబాబు మంచం మీద దొరికింది. సాయంత్రానికి మర్డర్ కేసు. మనిషి దొరికితే ఉరి.

దొరబాబు భార్య మణికి అరబిక్ రాదు. ఆఫీసర్ చెయ్యి మెడ మీదుగా గీత గీయడం మాత్రం అర్థమైంది.

“మా ఆయన సంపడమేంటండీ? చేప కొయ్యమంటేనే కళ్లు మూసుకుంటాడండి!”

“మరి దుప్పటి ఎక్కడిది?” అడిగాడు నాగేంద్రప్రసాద్.

“ముసలాయనే ఇచ్చాడండి, మునక్కకి హీటరూ ఆయనే ఇచ్చాడు. ఇక్కడ సలి తట్టుకోలేక మెరీనా మారిపోదామన్నాడంట. దోహాలో గాలెక్కువ, మస్కట్‌లో జనం ఎక్కువ, సలాలాలో ఎండెక్కువ అని రోజూ బేరీజేసుకునేవోడు. ఆఖరికి సలాలా ఖాయం చేశాడండి. సలికాలమంతా అక్కడే, పడవలోనే కాపురం.”

నాగేంద్రప్రసాద్ కనుబొమ్మలు లేచాయి. నిండు వింటర్‌లో హీటర్, దుప్పటి దానం చేసిన మనిషి. చలి లేని చోటికి పోయేవాడే ఆ పని చేస్తాడు. సలాలా పోతాడు. లేదా, పైకి పోతాడు. అక్కడా చలి ఉండదంటారు.

ఆ రెండో ఆలోచన ఆయనకు నచ్చలేదు.

“ఇంకో మాట సార్.” మునిలక్ష్మి గొంతు తగ్గించింది. “నిన్న సందేళ నుంచి ముసలాయన నన్ను పిలుస్తాండాడు. ఈ నీళ్లలోంచి.”

“పలికినావా?”

“పలికితే ఎత్తుకపోడా? సచ్చినోళ్లు పేరు పెట్టి పిలుచ్చే పలకగూడదని మాయవ్వ చెప్పింది.”

అప్పుడు వినిపించింది.

“మునీ...”

చలికి గరగరలాడే ముసలి గొంతు. దగ్గు.

ఆఫీసర్ నోట్లో ప్రార్థన మొదలైంది. మణి వచ్చి మునిలక్ష్మిని వాటేసుకుంది. అందరూ నీళ్ల వైపు చూశారు.

నాగేంద్రప్రసాద్ మాత్రం తల దించుకున్నాడు. ధైర్యం వల్ల కాదు, భయం వల్ల. అందుకే కాళ్ల దగ్గరున్నది కనిపించింది.

ప్రతి బెర్త్ దగ్గరా పడవకు కరెంటిచ్చే పొట్టి స్తంభం ఉంటుంది. ఈ స్తంభం మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. పడవ లేదు. మరి కరెంటు లాగుతున్నదెవరు?

“దెయ్యానికి కరెంటెందుకు?” అన్నాడు గట్టిగా.

స్తంభం నుంచి ఒక సన్నని వైరు. తాళ్లు దాచుకునే చెక్కపెట్టెలోకి పోతోంది. మూత ఎత్తాడు. ఛార్జింగ్‌లో ఉన్న వాకీటాకీ. దాని ఎర్ర కన్ను ఆయన వైపే చూస్తోంది.

“ఇవి జత కదా?”

“అవునండి,” అంది మణి. “పడవలో ఒకటి, గట్టు మీద ఒకటి. మాట్లాడుకుంటా తాళ్లు కట్టేవోళ్లు.”

మళ్లీ గరగర. “మునీ...”

నాగేంద్రప్రసాద్ బటన్ నొక్కి రేడియో ఆమె నోటి ముందు పెట్టాడు.

“పలుకు తల్లీ. బతికినోళ్లు పిలిచినా పలకకుంటే వాళ్లూ దెయ్యాలవుతారు.”

ఆమె రేడియోను రెండు చేతులా పట్టుకుంది.

“ఆఁ... ఉండా ముసలాయనా. ఈడ్నే ఉండా.”

తర్వాత ఇంకో గొంతు, ఏడుపులాంటి నవ్వుతో. “మునక్కా! బతికించావు! ఇంజిన్ సచ్చింది, ఇసక మేట మీద ఎక్కేశాం! పడవలోకి నీళ్లొచ్చేత్తన్నాయ్!”

“నా మొగుడే!” అని మణి అక్కడే కూలబడింది.

మధ్యాహ్నానికి కోస్ట్‌గార్డ్ బోటు ఇద్దర్నీ గట్టుకి చేర్చింది. కెప్టెన్ కంబళిలో వణుకుతున్నాడు. మునిలక్ష్మి కేసి చూసి, “మునీ, వై నో ఆన్సర్?” అన్నాడు. ఆమె వంగి ఆయన కంబళి సర్దింది.

నాగేంద్రప్రసాద్ దొరబాబును అందరి ముందూ నిలబెట్టాడు.

“ఊళ్లో ఏం పనిచేసేవాడివి?”

“లాంచీ మీద కళాసీనండి.”

“నిన్న ఫోన్లో ఏమన్నావు? ఉన్నదున్నట్టు చెప్పు.”

“మణి బ్యూటీ పార్లర్ పనిలో ఉండి ఫోన్ ఎత్తలేదండి. ఆనందం ఆగక మునక్కకి చేశాను. ‘ముసలాయన కళాసీనైపోయా!’ అన్నాను. చెయ్యి ఊపితే ఫోన్ సముద్రంలో పడిపోయింది. ముసలాయనేమో ఫోనే ఉంచుకోడు.”

నాగేంద్రప్రసాద్ తెలుగులో ఒకసారి, అరబిక్‌లో ఒకసారి విప్పి చెప్పాడు. గోదావరి వాళ్లకు కళాసీ అంటే లాంచీ మీద తాళ్లు కట్టేవాడు. ఇంతకాలం వంటపని చేసిన దొరబాబును కెప్టెన్ నిన్ననే ఆ పనిలోకి తీసుకున్నాడు. సలాలా ప్రయాణానికి ముందు ఇంజిన్ చూసుకుందామని ఇద్దరూ బయల్దేరారు. కువైట్‌లో మనందరి నోట్లో ఖుబ్జ్ రొట్టె కన్నా ఎక్కువ నలిగే మాట ఖలాస్. చాయ్ ఖలాస్, డ్యూటీ ఖలాస్, ఇఖామా పర్మిట్ ఖలాస్. పైగా మునిలక్ష్మి కడప చెవికి ‘అయిపోయా’ అంటే నేనయ్యానని కాదు, అయిపాయ, ముగిసిపాయ అని. ‘కళాసీనైపోయా’ పొగమంచు దాటి వచ్చేసరికి ‘ఖలాసైపాయ’ అయింది. ఫోన్ పడిన చప్పుడు శవం చప్పుడైంది. బతికున్న మనిషి పిలుపు దెయ్యం పిలుపైంది.

“అంటే... నేనిట్లనే పలకకుండా ఉండింటే?” అంది మునిలక్ష్మి.

తాళ్లు కొయ్యలకు కొట్టుకుంటున్నాయి. టక్. టక్.

ఆఫీసర్ ఫైలు మూసేశాడు.

“ఖలాస్,” అన్నాడు.

అందరూ ఉలిక్కిపడి ముసలాయన వైపు చూశారు.

ఆయన దగ్గాడు.